మా ఎర్ర కారుకి నలుగు పెట్టాను

"ఆ డొక్కుని ఇంకెన్నాళ్ళు దాచిపెడతారండీ? ఇరవై రెండు వేలిస్తా, రేపు పొద్దున్నే లారీ పంపిస్తా" అన్నాడు పాత ఇనుము కొనే అతను, వీధి గుమ్మంలో నిలబడి. మావారు నా వంక చూశారు. నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ ఎవరి వంకా చూడకుండా లోపలికెళ్ళి పోయారు.

ఆ డొక్కు అన్నది మా మావగారి మారుతి 800. ఎర్రది. రిటైరైన డబ్బుతో 2009 డిసెంబరులో కొన్నారు. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదు లాంటి పెద్ద ఊళ్ళల్లో దాని అమ్మకాలు ఆగిపోయాయి. 2014 జనవరిలో అసలు తయారీయే ఆగిపోయింది. "చూశావామ్మా, సరిగ్గా టైముకి కొన్నాను" అని ఆయన కనీసం వందసార్లు అనుంటారు. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, పాత బనీను గుడ్డతో కారుని నిగనిగలాడేలా తుడిచేవారు. 2021 మేలో ఆయన పోయారు. కారు అలాగే బాదంచెట్టు కింద ఉండిపోయింది.

మూడేళ్ళు ఎండా, వానా, పిట్టలూ కలిసి ఏం చేస్తాయో చెప్పాలా? ఎరుపు పోయి వెలిసిన ఇటిక రంగుకి దిగింది. చేత్తో రాస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు పొడి అంటేది. లోపల బూజు వాసన. టైర్లు నేలకి అతుక్కుపోయాయి.

2024 డిసెంబరుతో రిజిస్ట్రేషన్‌కి పదిహేనేళ్ళు నిండిపోతాయి. ఆపైన ఉంచుకోవాలంటే బండికి ఫిట్‌నెస్ చేయించి, ఐదు వేలు ఫీజు కట్టి, మరో ఐదేళ్ళకి రెన్యూవల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌కి ముందు ఈ ఫీజు ఆరు వందలే. "ఎవరు తోలతారని ఇంత ఖర్చు?" అన్నది మావారి వాదన. ఆయన ఆ కారు తాళం ముట్టుకుని అప్పటికి పదకొండేళ్ళయింది. అది వేరే కథ, వస్తాను.

"నేను తోలతాను" అన్నాను. నవ్వకండి, అప్పటికి నాకు లైసెన్సు కూడా లేదు. కానీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆటో ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఎన్నాళ్ళని ఎవరినో బతిమాలుకోవడం? ఒక్క నెల గడువడిగాను. మెకానిక్‌ని పిలిస్తే బ్యాటరీ, బ్రేకులు, ఎలకలు కొరికిన వైర్లు మార్చి స్టార్ట్ చేసిచ్చాడు. ఇక మిగిలింది ఒంటి సంగతి.

బండి పనంటే బెజవాడ వాళ్ళకి ఆటోనగరే. అక్కడ పెయింటింగ్ పని చేసే ఒకాయన మా సత్యనారాయణపురంలోనే ఉంటారు. ఆయనొచ్చి చూసి, "రంగు చావలేదు చెల్లెమ్మా, పైపొర చచ్చింది. రబ్బింగ్ పడితే లేస్తుంది" అన్నారు. ఎంతవుతుందంటే చెప్పిన అంకె నా నెల పాల బిల్లుకి మూడింతలు. "పోనీ మెషినిస్తారా, నేను చేసుకుంటాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మర్నాడు తెచ్చిచ్చారు.

ఈ మెషిన్లలో రెండు రకాలున్నాయి. ఒకటి రోటరీ. ఒక్కచోటే గిర్రున తిరుగుతుంది, వేడి పుట్టిస్తుంది, చేయి తిరిగిన పనివాళ్ళు వాడతారు. రెండోది డ్యూయల్ యాక్షన్. తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి చేరదు. కొత్తవాళ్ళకి ఇదే మంచిది. "రోటరీ మాత్రం మీకివ్వను, రేకు చూపిస్తారు" అని నిక్కచ్చిగా చెప్పేశారు.

రేకు చూపించడమంటే ఏమిటో ఆయనే వివరించారు. కారు రంగంతా, కింది ప్రైమరుతో సహా, మిల్లీమీటరులో పదోవంతు మందం ఉంటుందంతే. మన తల వెంట్రుక కంటే కాస్త ఎక్కువ! రబ్బింగ్ అంటే అందులోంచి పై పిసరుని అరగదీయడమే. ఎండకి చచ్చిన పొర పోతే కిందున్న అసలు రంగు బయటపడుతుంది. ఎక్కువ పోతే ప్రైమరు, ఇంకా పోతే రేకు. అంటే ఇది కడిగే కొద్దీ శుభ్రపడే గిన్నె కాదు, ఉన్నది కాస్త ఖర్చుపెట్టి మెరుపు కొనుక్కోవడం.

మొదటి ఆదివారం కడగడంతోనే సరిపోయింది. నేను అంట్లు తోమే సబ్బు తీసుకెళితే మా అమ్మాయి లాక్కుంది. మైనపు పూత ఉంటే ఆ సబ్బుకి కాస్తా పోతుందట, కార్ల షాంపూ వేరే ఉందట. బకెట్లు రెండు పెట్టుకోవాలి. ఒకదాన్లో సబ్బునీళ్ళు, రెండోదాన్లో ఉత్త నీళ్ళు. గుడ్డని ముందు ఉత్త నీళ్ళలో జాడించాకే మళ్ళీ సబ్బులో ముంచాలి. లేకపోతే వదిలిన ఇసకనే తిరిగి కారుకి రాస్తాం. పైనుంచి కిందకే కడగాలి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో నీళ్ళద్దాలి, ఆరిపోయేదాకా వదిలేస్తే మా బోరు నీళ్ళకి తెల్ల మచ్చలు ఖాయం.

తడి ఆరాక బోనెట్ మీద టార్చి వేసి చూస్తే గుండె జారింది. సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు, ఒకటా రెండా, వేలు! "పొడిగుడ్డ పెట్టి దుమ్ము తుడిచిన గుర్తులండీ అవి" అన్నారు పెయింటరు. పొడి దుమ్ము మీద గుడ్డ లాగితే గరుకు కాగితంతో రుద్దినట్టేనట. మావగారి పదకొండేళ్ళ బనీను గుడ్డ! పాపం, అంత ముద్దుగా చూసుకుంటూ ఆయన చేసిన పని అది. అత్తగారితో మాత్రం ఆ మాట చెప్పలేదు.

పిట్టల రెట్టలు కడిగినా వాటి నీడలు పోలేదు. రెట్టలో ఆమ్లం ఉంటుంది. ఎండకి రంగు మెత్తబడి ఉబ్బి, చల్లబడి ముడుచుకునేటప్పుడు ఆ మచ్చ ముద్ర పడిపోతుంది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివానన్న మాటే గానీ, ఇన్నేళ్ళకి దాని అవసరం పడింది.

తర్వాత క్లే. పిల్లలు ఆడుకునే బంకమట్టి లాంటి ముద్ద. పల్చటి క్యారీబ్యాగులో చెయ్యి పెట్టి కడిగిన కారు మీద రాసి చూడండి, శుభ్రంగా ఉందనుకున్నదల్లా ఇసక కాగితంలా తగులుతుంది. సబ్బునీళ్ళు చల్లి, ముద్దని తేలిగ్గా జరుపుతూ పోతే ఆ గరుకంతా అది లాగేసుకుంటుంది. మురికిపడ్డ వైపు లోపలికి మడుచుకుంటూ ఉండాలి. కింద పడిందా, ఎంత ఖరీదైనా పారెయ్యాల్సిందే. నేను సగం ముద్ద అలాగే పోగొట్టాను.

రెండో ఆదివారం మెషిన్ పట్టాను. బండి నీడలో, ముట్టుకుంటే చల్లగా ఉండాలి. ప్యాడ్ మీద శనగగింజంత కాంపౌండ్ చుక్కలు నాలుగైదు వేసి, మూరెడు మేరలో పూసి, ఆ తర్వాతే స్విచ్ నొక్కాలి. నేను ముందే నొక్కాను. తెల్లటి చుక్కలు నా నైటీ మీదా, గోడ మీదా, అత్తగారి తులసికోట మీదా అక్షింతల్లా పడ్డాయి. "రామ రామ!" అన్న కేక వరండాలోంచి వినబడింది.

తొందర పనికిరాదు. గోడకి సున్నం వేసినట్టు ఒక వరసలో సగం తర్వాతి వరస కలుపుకుంటూ, నిలువునా ఒకసారి అడ్డంగా ఒకసారి నింపాదిగా పోవాలి. నాలుగైదు సార్లయ్యాక తుడిచి చూడాలి. తుడిచాను. చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు. చుట్టూ ఇటిక రంగు, మధ్యలో మూరెడు మేర దానిమ్మగింజ ఎరుపు! ప్యాడ్ తిప్పి చూస్తే కుంకుమ అద్దినట్టుంది. భయపడి పెయింటరుకి ఫోన్ చేశాను. మా కారు రంగు మీద క్లియర్ కోటు పూత లేదట, అందుకే రంగు ప్యాడ్‌కి అంటుతోందట. క్లియర్ కోటున్న కార్లకి అంటదు. ప్యాడ్ మాటిమాటికీ బ్రష్‌తో శుభ్రం చేసుకోమన్నారు.

ఉత్సాహం ఎక్కువైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. అంచుల దగ్గర, ఒంపుల మీద రంగు పల్చగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేపు అతికించుకోమని పెయింటరు మరీ మరీ చెప్పారు. బోనెట్ కుడి అంచుకి టేపు వేయడం మరిచాను. పావలా కాసంత బూడిద రంగు ప్రైమరు బయటికొచ్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఆయనే తర్వాత టచప్ చేసిచ్చారు గానీ, తెలిసినవాళ్ళు చూస్తే ఇట్టే పట్టేస్తారు.

ఇక కారుకి ఎడమ వెనక తలుపు మీద ఒక పొడుగాటి గీత ఉంది. మావారు తాళం మానేసిన కథ అదే. 2013 దసరాకి మా అమ్మానాన్నా దుర్గమ్మ దర్శనానికొచ్చారు. ఆ పొద్దున మావగారు గీత చూసి, మా వాళ్ళందరి ముందూ, "రాత్రి బండి తీసింది నువ్వేగా? చేతగాకపోతే ఊరుకోవాలి" అన్నారు. మావారు ఒక్క మాట అనలేదు. తాళం మేకుకి తగిలించి స్కూటరెక్కి వెళ్ళిపోయారు. అంతే. తండ్రీకొడుకుల మధ్య ఆ కారు ప్రసక్తి మళ్ళీ రాలేదు.

లోపల శుభ్రం చేసేరోజు, సీట్లు ఎత్తి వాక్యూమ్ పట్టి, వాసనకి మ్యాట్ల కింద వంటసోడా చల్లి, డ్యాష్‌బోర్డు అర తెరిచాను. కాగితాల కవరులో మావగారి పాకెట్ డైరీ. పెట్రోలు లెక్కలు. ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు. మధ్యమధ్య ఒక ముక్క. "పాప పుట్టింది. ఆస్పత్రికి మూడుసార్లు. 21 కి.మీ." అని 2010లో. నవ్వుకుంటూ తిరగేస్తున్నాను. 2013 అక్టోబరు పేజీలో, దసరా అయిన రెండ్రోజులకి, ఇలా ఉంది: "గేటు గడియకి ఎర్ర రంగు. పొద్దున పెట్రోలుకి తీసినప్పుడు నాకే తగిలింది. వాడు కాదు."

అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "ఆ గడియ ఊడపీకించి వేరేది వేయించారు. బాగానే ఉందిగా, ఎందుకండీ అంటే తుప్పు పట్టిందన్నారు" అన్నారు. మళ్ళీ, "వాడికి చూపించమాకమ్మా. పోయినాయన మీద మళ్ళీ మనసు విరుచుకుంటాడు" అన్నారు.

ఏం చెయ్యను? ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో కూర్చుని అన్నం తింటూ ఆ ఒక్క మాట చెప్పలేకపోయిన మనిషి మీద నాకే కోపమొచ్చింది. కథల్లో ఇలాంటి ఘట్టాలు నేనే సులువుగా తేల్చేశాను గానీ, అత్తగారికి మాటివ్వాల్సొస్తే కలం ఆడలేదు. డైరీ ఎక్కడ దొరికిందో అక్కడే, ఆ కవరులోనే పెట్టేశాను.

మూడో ఆదివారం ఆ గీత పోతుందేమోనని చూశాను. దీనికో పరీక్ష ఉంది. గీతకి అడ్డంగా గోరు లాగండి. గోరు జారిపోతే రబ్బింగ్‌తో పోతుంది. గోరు ఆగిందా, లోతుగా దిగిందన్నమాట, మెషిన్‌తో పోదు, రంగు వేయాల్సిందే. నా గోరు టక్కున ఆగింది.

"ఏమండీ, రెన్యూవల్‌కి ఆర్సీ కావాలి. కారులో కాగితాల కవరుంది, కాస్త చూడండి" అన్నాను. అత్తగారికిచ్చిన మాట తప్పానా అంటే తప్పలేదు. మోసం చేశానంటారా, అలాగే అనుకోండి.

ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. నేను బోనెట్‌కి మైనం పూస్తూ తలెత్తలేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. అప్పటికే తుడిచేసిన బోనెట్‌నే మళ్ళీ తుడుస్తున్నాను. దిగి వచ్చి ఎడమ తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఇది పోదా?"

"పోదు. గోరు ఆగుతోంది."

తనూ గోరు లాగి చూసుకున్నారు. తర్వాత గేటు వైపు నడిచి, కొత్త గడియ ఒకసారి తీసి వేశారు. "టాప్ ఎవరు చేశారు?" అన్నారు అక్కణ్ణుంచే.

"నాకందలేదు. మధ్యలో వదిలేశాను."

లోపలికెళ్ళి వంటింటి స్టూలు తెచ్చుకున్నారు. నేను వైరు పట్టుకున్నాను. ప్యాడ్ ఆనించకుండానే స్విచ్ నొక్కారు. "రామ రామ!" అని వరండాలోంచి మళ్ళీ కేక.

ఫిట్‌నెస్‌కి బండి తోలుకెళ్ళింది ఆయనే. అక్కడ చూసేవి బ్రేకులు, లైట్లు, పొల్యూషన్ కాగితం, అంతేగానీ మెరుపుకి మార్కుల్లేవు. అయినా క్యూలో వెనకున్నాయన, "ఏ సంవత్సరం బండండీ, కొత్తదిలా ఉంది" అన్నాడట. ఇంటికొచ్చాక ఆ మాట మూడుసార్లు చెప్పారు. 2029 డిసెంబరు దాకా ఫర్వాలేదు. పూసిన మైనం మాత్రం నాలుగైదు నెలలే ఉంటుంది, మళ్ళీ పూసుకుంటూ ఉండాలి. పొడిగుడ్డ మాత్రం ఇంట్లో నిషేధం.

సంక్రాంతి వెళ్ళాక ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాను. పొద్దున్నే మావారు పక్క సీట్లో, ఒక చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద. నేను బండి వెనక్కి తీస్తుంటే గేటు దగ్గర అత్తగారు కర్ర పట్టుకుని నిలబడతారు, గడియకి అడ్డంగా ఒక చెయ్యి పెట్టి. "రానీ... రానీ... చాలు చాలు, ఎడం పక్క చూసుకోమ్మా!"