నొప్పి కాల్లో... మూలం నడుంలో!

వంగి నీళ్ల బిందె ఎత్తబోతే నడుం కలుక్కుమంటుంది. రెండ్రోజులకి నడుం నొప్పి కాస్త సర్దుకుంటుందిగానీ, పిరుదు నుంచి తొడ వెనకగా పిక్క దాకా ఒకటే సలుపు. దగ్గినా తుమ్మినా కరెంటు షాక్ కొట్టినట్లుంటుంది. ‘నరం పట్టేసింది’ అంటూ ఇంట్లోవాళ్లు కాలికి నూనె మర్దన మొదలుపెడతారు. నిజానికి చాలామందిలో చిక్కు కాల్లో కాదు, నడుంలో ఉంటుంది. ఆ నొప్పే... సయాటికా. ఆయుర్వేదంలో దీన్ని గృధ్రసి అంటారు.

మన ఒంట్లో అన్నిటికన్నా పొడవైన, లావైన నాడి సయాటిక్. నడుం కింది భాగంలో వెన్ను నుంచి వచ్చే ఐదు నాడీ మూలాలు కలిసి ఇది ఏర్పడుతుంది. పిరుదు మీదుగా తొడ వెనక నుంచి దిగి, మోకాలి దగ్గర రెండు పాయలై పాదం వరకూ వెళుతుంది. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల్లో ఒకటి జారి ఏదో ఒక మూలాన్ని నొక్కిందంటే, ఆ బాధ కాలి పొడవునా తెలుస్తుంది. పెద్ద వయసులో నాడులు వెళ్లే దారి ఇరుకైనా అంతే.

మంచమెక్కాలా?
ఒకప్పుడు ‘కదలకుండా పడుకోండి’ అనేవారు. నెదర్లాండ్స్ పరిశోధకులు రెండు వారాలు మంచం మీదున్నవారినీ, ఓపికున్నంతలో తిరిగినవారినీ పోల్చి 1999లో ఫలితాలు వెల్లడించారు. పన్నెండు వారాలకి రెండు బృందాల్లోనూ నూటికి 87 మందికి మెరుగైంది! అంటే చాలామందికి కాలమే మందు. ఈలోగా భరించగలిగినంత నడవాలి. గంటల తరబడి కూర్చోకూడదు. బరువులెత్తకూడదు. వేడి కాపడం కొంత హాయినిస్తుంది. మాత్రలూ వ్యాయామాలూ మాత్రం డాక్టరు చెప్పినట్లే.

స్కానింగ్ చూసి బెంగొద్దు
నడుం నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే సగానికి పైగా మందిలో డిస్కు ఉబ్బినట్లు కనిపించిందని 1994లో అమెరికాలో తేలింది. అందుకే రిపోర్టులో ‘డిస్కు’ అన్న మాట కనిపించగానే ఆపరేషన్ అనుకోనక్కర్లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూసే పరీక్షా ముఖ్యమే. వారాలు గడిచినా బాధ తగ్గకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించొచ్చు. దాంతో ఉపశమనం త్వరగా దొరుకుతుంది. అయితే ఏడాది తిరిగేసరికి ముందే చేయించుకున్నవారూ, ఆగి చూసినవారూ దాదాపు ఒకేలా ఉన్నారని 2007లో మరో డచ్ అధ్యయనం తేల్చింది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు
మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే, అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా వెంటనే డాక్టరుకి చూపించాలి.

బిడియపడి ఇంట్లో ఈ సంగతులు దాచేవాళ్లే ఎక్కువ. అందుకే అమ్మో నాన్నో ‘కాలు లాగేస్తోంది’ అంటే మర్దనకి ముందు ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. ఇవేవీ లేకపోతే... ధైర్యం చెప్పి, నెమ్మదిగా నాలుగడుగులు నడిపించండి.