విసుగే వినోదమైన ఆట

వినోదమనగా విసుగును పోగొట్టునది యని లోకుల అభిప్రాయము. విసుగునే వినోదముగ కూర్చి, దానిని కంప్యూటరు ఆటగ జేసినవారు కలరనిన సోదరీమణులకు వింతగ తోపవచ్చును. అట్టి ఆట యొకటి నిజముగ కలదు. దాని పేరు ‘డెజర్ట్ బస్’, అనగా ఎడారి బస్సు. చేసిన పనినే మరల మరల చేయుట యననేమో గృహిణులకన్న నెక్కువ నెఱిగినవారు లేరు గనుక, దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెన్ జిల్లెట్, టెల్లర్ అనువారు అమెరికాలో పేరుగాంచిన ఇంద్రజాలికులు. వారి పేర 1995లో ‘స్మోక్ అండ్ మిర్రర్స్’ అను చిన్న ఆటల సంపుటము సెగా సీడీ అను ఆటల యంత్రమునకై సిద్ధమైనది. అందలి ఆటలు చాలవరకు ఇంటికి వచ్చిన స్నేహితులను ఏమార్చు గారడులు. ప్రచురింపవలసిన సంస్థ ఆ యేడే మూతపడుటచే సంపుటము అంగడికి రాలేదు. సమీక్షకై ముందుగ పంపబడిన ప్రతి యొకటి నిలిచియుండుటచే, సుమారు పదేండ్లకు పిమ్మట అది లోకమునకు తెలియవచ్చెను.

ఎడారి బస్సు ఆ సంపుటములోనిదే. ఆరిజోనా రాష్ట్రమందలి టూసాన్ నగరమునుండి నెవాడా రాష్ట్రమందలి లాస్ వేగస్ నగరమునకు బస్సు నడుపవలెను. దూరము 360 మైళ్లు. బస్సు గంటకు 45 మైళ్లకు మించి పోదు. కావున ప్రయాణమునకు నిజముగనే 8 గంటలు పట్టును. దారి తిన్ననిది. ఎదురువచ్చు బండి లేదు, ఎక్కు ప్రయాణికుడు లేడు. చాల గంటలకు ఒక పురుగు అద్దమునకు తగిలి చితుకును. అదియే పెద్ద విశేషము. ఆటను నడుమ నిలుపు వీలు లేదు. బస్సు ఎల్లప్పుడును కొంచెము కుడివైపునకు లాగుచుండును గనుక, మీటను అదిమిపెట్టి లేచిపోవుటకును వలనుపడదు. త్రోవ తప్పి ఇసుకలో దిగెనా, బస్సు ఆగిపోవును. దానిని టూసానునకు ఈడ్చుకొనిపోవుదురు. ఆ యీడ్పునకును అంత కాలమును పట్టును. గమ్యము చేరినవారికి లభించునది ఒక్క పాయింటు. తిరుగు ప్రయాణము చేసినచో మరియొకటి.

ఇట్టిదానిని చేయుటకు కారణము లేకపోలేదు. 1993లో అమెరికా సెనేటునందు హింసతో గూడిన వీడియో ఆటలను గూర్చి విచారణలు జరిగెను. ఆటలు పిల్లలను చెఱచుచున్నవను మాట నాడు బలముగ వినవచ్చెను. ఎవ్వరికిని హాని లేని, ఉన్న లోకమును ఉన్నట్లే చూపు ఆట యెట్లుండునో చూడుడని ఈ యింద్రజాలికులు పరిహాసముగ బదులిచ్చిరి.

సెగా సీడీ యంత్రము నేడు దొరకుట అరుదు. కావున దానిని అనుకరించు సాఫ్ట్‌వేరును ముందుగ కంప్యూటరున స్థాపించి, ఆట ప్రతిని అందు తెఱచి, బస్సును నడుపుటకు ఏ మీట, త్రిప్పుటకు ఏ మీటయో నిర్ణయించుకొనవలెను. పొయ్యిమీద పప్పు ఉడుకులోపల ఈ పని ముగియును. ఇట్టి సాఫ్ట్‌వేరులలో ఆటను నిలుపు ఏర్పాటును, కాలమును త్వరపెట్టు ఏర్పాటును ఉండును. వానిని తాకినచో ఈ ఆటకు ప్రాణమే పోవును గనుక, ఎవ్వరును తాకరాదని మా యింట నియమము పెట్టితిమి.

ఒక యాదివారము ఉదయము తొమ్మిదింటికి బస్సు బయలుదేరినది. మొదటి గంట మేము నడిపితిమి. వంటకు లేవవలసిరాగా మావారు మీటలు పట్టిరి. ఆయన చేయి నొచ్చిన పిదప పెద్దపిల్ల, ఆమె తరువాత చిన్నవాడు. సాయంకాలము ఐదు దాటిన పిమ్మట లాస్ వేగస్ చేరి పాయింటు పడగనే పిల్లలు కేకలు వేసిరి. ఆ దినమున వండినవి, వడ్డించినవి, గిన్నెలు తోమినవి మాత్రము నిత్యము చేయు చేతులే. ఎవ్వరిని ఎక్కించుకొనని బస్సునకు నలుగురు వంతులు వేసికొనిరి. నలుగురి కడుపు నింపు పొయ్యికి ఒక్కరే మిగిలిరి.

వంతులు వేసికొని ఈ బస్సును నడుపుట మా యింట పుట్టిన యుపాయము కాదు. కెనడాలోని విక్టోరియా నగరమున ‘లోడింగ్ రెడీ రన్’ అను హాస్యబృందము వారు 2007లో దీనిని ధర్మకార్యముగ మార్చిరి. వారు బస్సును నడుపుచుండగా చూచువారు ఇంటర్నెట్ ద్వారా విరాళములిత్తురు. మొదటి గంటకు ఒక డాలరు. పిదప ప్రతి గంటకును ముందరి గంటకన్న నూటికి ఏడు వంతున హెచ్చు. ఈ లెక్కన 100వ గంట వెల 800 డాలర్లు దాటును. మొదటి యేడు నాలుగు దినములకు పైగా నడిపి 22,000 డాలర్లకు మించి కూడబెట్టిరి. ఏటేటా సాగిన ఈ కార్యమున 2024 నాటికి చేరిన మొత్తము కోటి డాలర్లను మించెను. ఆ ధనము ‘చైల్డ్స్ ప్లే’ అను సంస్థ మూలమున ఆసుపత్రులలోని పిల్లలకు ఆటవస్తువులగుచున్నది.

మన లక్షవత్తుల నోమును తలచుకొనుడు. పత్తి తీసి, వత్తి చేసి, ప్రక్కన పెట్టుట: ఇది లక్షసార్లు. అయినను నోము పట్టిన యిల్లాలు విసుగుకొనదు. ఏలయన, ఆమె దానిని తన యిష్టముచే పట్టినది. దానికి లెక్క కలదు. ప్రక్కన కూర్చుండి చేయిసాయము చేయువారు కలరు. తుదకు ఉద్యాపనము కలదు. కెనడా వారి బస్సునకును ఈ నాలుగును కలవు. మన వంటయింటికి వీనిలో ఎన్ని కలవో ఎవరికి వారే చూచుకొనవలెను. అచ్చట కాఫీతో మొదలైనది రాత్రి పాలు తోడుపెట్టుటతో ఆగునే కాని ముగియదు. ఒక్క నిమిషము చేయి విడిచినచో బస్సు ఇసుకలో దిగినట్లే.

గృహకృత్యము ప్రేమతో చేయునది, దానికి వంతులేల యని పెద్దలందురు. ప్రేమ లేదని మేమనలేదు. ప్రేమగల చోటనే వంతు అడుగుటకు వీలుండును. బస్సును నడుపుటకు సరదాపడిన పిల్లలు పప్పు కలియబెట్టుటకు సరదాపడరని ముందే తలంపనేల? ఆడపిల్లకు నేర్పు పనిని మగపిల్లవానికిని నేర్పుడు. రాత్రి ఇన్ని గంటలకు వంటయిల్లు మూయబడునని గడియారము చూపి చెప్పుడు. అదియే దినదినము జరుగు ఉద్యాపనము.

సెలవులలో వీలైన సోదరీమణులు ఒక దినము ఇంట ఈ ఎడారి బస్సును నడిపించి చూడుడు. అయితే బయలుదేరకముందే రెండు పట్టికలు వ్రాసి గోడకు అంటింపుడు: ఏ గంటకు బస్సు నెవరు నడుపవలెనో ఒకటి, ఏ గంటకు పొయ్యి నెవరు చూడవలెనో రెండవది. రెంటను ఇంటిల్లిపాది పేర్లును ఉండవలెను.