మనస్సునకు చికిత్స చేయువారి చదువు

జూబ్లీ హిల్సు, ఫిల్మ్ నగరు ప్రాంతముల చిత్రసీమ నుండి వచ్చిన కథలు కొన్నింటిలో నాయకునకు తలపై దెబ్బ తగిలి జ్ఞాపకము పోవును. రెండవ దెబ్బతో మరల వచ్చును. ఆ కొండలకు చేరువనే, ఎఱ్ఱగడ్డలో, ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. అచ్చట మనస్సు అంత సులభముగా కుదుటపడదని మనమెఱుగవలెను.

వైద్యవిద్య చదివి మందులు వ్రాయువారు సైకియాట్రిస్టులు. బుద్ధిని, జ్ఞాపకమును పరీక్షించి, సంభాషణచే చికిత్స చేయువారు క్లినికల్ సైకాలజిస్టులు. ఈ విద్యలో డాక్టరు పట్టము గోరువారు పరిశోధనయు చికిత్సయు రెండును నేర్వవలెనని 1949లో అమెరికాలోని బౌల్డరు సభ నిర్ణయించెను. 1968లో ఇల్లినాయి విశ్వవిద్యాలయము చికిత్సకే ప్రాధాన్యమిచ్చు మరియొక డాక్టరు పట్టమును ఆరంభించెను.

మన దేశమున పరిశోధన చేసి పిహెచ్.డి. పొందినంతమాత్రమున చికిత్సాధికారము రాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూచుచు పొందిన పూర్తికాల శిక్షణను అర్హతగా నిర్దేశించినది. అట్టివారికి ఆసుపత్రులలోను, పునరావాస కేంద్రములలోను, విశ్వవిద్యాలయములలోను పని లభించును.

కావున తల్లిదండ్రులారా, బిడ్డను చూపించుటకు పోయినపుడు పేరునకు ముందున్న పట్టమును చూచి ఊరకుండక, శిక్షణ యెచ్చట పొందిరో అడుగుడు. విద్యార్థులారా, పరుల దుఃఖమును తొందరపడక వినగల ఓర్పు మీకున్నచో, ఈ బాట మీ కొఱకే యున్నదని మా నమ్మకము.