పికప్ కింద రోజూ ఆయిల్ మరకలా? ఇంజిన్ సీల్ పోయిందని డబ్బులు పోసే ముందు ఈ రెండు గొట్టాలు చూడండి!

రాత్రి బండి పెట్టిన చోట పొద్దున్నే నల్లటి మరక. మెకానిక్ కింద దూరి ఒకసారి టార్చ్ వేసి, ‘రేర్ మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాల్సిందే’ అనేస్తాడు. పాత పికప్ ట్రక్ ఉన్నవాళ్లకు ఈ మాట వింటే గుండె గుభేల్‌మంటుంది. ఎందుకంటే ఆ సీల్ ఖరీదు తక్కువే కానీ, దాన్ని చేరుకోవడానికి అయ్యే లేబర్ చాలా ఎక్కువ. అయితే కొన్ని మోడళ్లలో అసలు దొంగ ఇంజిన్ వెనకాల కాదు, ముందు బంపర్ దగ్గరే ఉంటాడు. వాడి పేరు రిమోట్ ఆయిల్ ఫిల్టర్ లైన్.

అసలు ఏంటీ రిమోట్ ఫిల్టర్?

మామూలుగా ఆయిల్ ఫిల్టర్ డబ్బా ఇంజిన్ బ్లాక్‌కే బిగించి ఉంటుంది. కానీ అమెరికాలో బాగా అమ్ముడైన షెవ్రోలే ఎస్-10 పికప్, దాని తోబుట్టువు లాంటి జీఎంసీ సొనోమాల్లో, 4.3 లీటర్ల వీ6 ఇంజిన్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లది వేరే కథ. ముందు చక్రాలను తిప్పే డిఫరెన్షియల్, షాఫ్ట్ అక్కడి జాగా ఆక్రమించేస్తాయి. అందుకే కంపెనీ ఫిల్టర్‌ను తీసుకెళ్లి ముందు బంపర్ వెనకాల పెట్టింది. బ్లాక్ మీద ఫిల్టర్ ఉండాల్సిన చోట ఒక అడాప్టర్, అక్కడి నుంచి ఫిల్టర్ దాకా రెండు గొట్టాలు. ఒకటి ఆయిల్‌ను తీసుకెళ్తుంది, ఇంకోటి వడకట్టిన ఆయిల్‌ను వెనక్కి తెస్తుంది. ఆయిల్ కూలర్ కూడా ఉంటే గొట్టాల సంఖ్య ఇంకా పెరుగుతుంది.

ఎస్-10 తయారీ అమెరికాలో 2004తో ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద ఉన్న వాటిలో కొత్తదానికి కూడా ఇరవై ఏళ్లు దాటాయి. రబ్బరుకు అది ముసలితనమే. చదువుకో, ఉద్యోగానికో అమెరికా వెళ్లి తక్కువ ధరకు సెకండ్ హ్యాండ్ బండి వెతుక్కునే మనవాళ్లు, ముఖ్యంగా మంచు పడే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు, కొనేముందే ఈ గొట్టాలను చూసుకోవడం బెటర్.

లీకు ఎక్కడ మొదలవుతుంది?

ఈ లైన్ మొత్తం ఒకే రకం గొట్టం కాదు. రెండు చివర్లా స్టీల్ పైపు, మధ్యలో రబ్బరు హోస్. ఇంజిన్ ఊగుతుంది, ఫ్రేమ్ ఊగదు కాబట్టి మధ్యలో మెత్తగా ఏదో ఒకటి ఉండి తీరాలి. రబ్బరు, స్టీల్ కలిసే చోట లోహపు కాలర్ పెట్టి మెషీన్‌తో నొక్కేస్తారు. దీన్నే క్రింప్ అంటారు. గొడవంతా ఇక్కడే. ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంచెం కొంచెంగా గట్టిపడి, కాలర్ కింద పట్టు వదిలేస్తుంది. మొదట తడి, తర్వాత చెమట, ఆ తర్వాత చుక్కలు.

రెండో అనుమానితుడు చివర్లలో ఉండే ఓ-రింగ్. మూడోది తుప్పు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో స్టీల్ పైపు బయట నుంచి తినేసుకుపోతుంది.

ఎంత ప్రమాదం?

కారు టైరులో సాధారణంగా 30-35 పీఎస్ఐ గాలి ఉంటుంది. చలి పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఈ గొట్టాల్లో ఆయిల్ ప్రెషర్ అంతకు మించే ఉంటుంది. ఇంజిన్‌లో మొత్తం ఉండేది నాలుగు లీటర్లకు కాస్త ఎక్కువ ఆయిల్. హైవే మీద క్రింప్ ఊడిందంటే అది ఖాళీ అవడానికి ఎంతోసేపు పట్టదు. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగాక ‘ముందు బంకు దాకా వెళ్దాంలే’ అనుకుంటే బేరింగులు పోయి ఇంజిన్ పట్టేస్తుంది. లైటు వెలిగితే పక్కకు తీసి, వెంటనే ఇంజిన్ ఆపేయాలి. కారే ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటలు రేగే అవకాశమూ ఉంది.

సీలా, గొట్టమా? తేల్చేదెలా?

బండి నడుస్తుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది. ముందు కారిన ఆయిల్ పాన్ మీదుగా పాకి వెనకాల చుక్కలుగా పడుతుంది. రేర్ సీల్ మీద నింద పడేది ఇందుకే. ముందుగా డీగ్రీజర్‌తో కింద అంతా శుభ్రంగా కడిగేయాలి. పూర్తిగా ఆరాక ఇంజిన్ ఆన్ చేసి పది నిమిషాలు ఉంచి, పై నుంచి, ముందు నుంచి చూడాలి. తడి కనిపించే అన్నింటికంటే ఎత్తైన చోటే అసలు లీకు. అప్పటికీ దొరక్కపోతే ఆయిల్‌లో అల్ట్రావయొలెట్ డై కలిపి, ఆ లైటు వేసి చూస్తే జాడ మెరుస్తుంది. ఈ పని చేయకుండా గేర్‌బాక్స్ దించుదామనే మెకానిక్‌ను రెండు ప్రశ్నలు అడగడంలో తప్పేం లేదు.

రిపేర్‌లో చేసే తప్పులు

క్రింప్ మీద హోస్ క్లాంప్ బిగించడం చాలామంది చేసే మొదటి పని. అది పనికిరాదు. కింద ఉన్నది లోహపు కాలర్, క్లాంప్ ఎంత బిగించినా లోపలి రబ్బరుకు ఆ పట్టు అందదు. ఆ ముక్క కోసేసి రేడియేటర్ గొట్టమో, పెట్రోల్ గొట్టమో తొడగడం ఇంకా దారుణం. నీళ్ల గొట్టం ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడిపోతుంది.

సరైన దారులు రెండే. మొదటిది, రెడీమేడ్ లైన్ల సెట్ కొని మార్చేయడం. రెండోది, పాత పైపు చివర్లు బాగుంటే హైడ్రాలిక్ షాపుకు తీసుకెళ్లి కొత్త హోస్ క్రింప్ చేయించడం. విజయవాడ ఆటోనగర్‌లో జేసీబీ, ట్రాక్టర్ హోస్‌లు చేసే షాపుల్లో జరిగే పనే ఇది. అమెరికాలోనూ వ్యవసాయ యంత్రాల షాపులు చేస్తాయి. ఒక్క విషయం మాత్రం అడగాలి: ఇంజిన్ ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఆ వేడికి హోస్ రేటింగ్ ఉందా?

మార్చేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచితే సగం తలనొప్పి తగ్గుతుంది. లేదంటే బోల్టు విరిగి చిన్న పని పెద్దదవుతుంది. పాత ఓ-రింగ్ చాలాసార్లు రంధ్రంలోనే అతుక్కుపోయి ఉంటుంది, చూసుకోకుండా దాని మీద కొత్తది పెడితే మళ్లీ లీకే. కొత్త ఓ-రింగ్‌కు ఆయిల్ రాశాకే ఎక్కించాలి.

అన్నింటికంటే ముఖ్యం, రెండు గొట్టాలు తారుమారు కాకూడదు. ఫిల్టర్‌లోకి ఆయిల్ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల నుంచి వెళ్లి, మధ్య రంధ్రం నుంచి బయటకు రావాలి. తిరగేస్తే లోపలి యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వ్ దారి మూసేస్తుంది. ఇంజిన్‌కు ఆయిల్ అందకపోవచ్చు, లేదా వడకట్టకుండానే పక్కదారిలో వెళ్లొచ్చు. విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసి, గొట్టాలకు టేపుతో గుర్తు పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

గొట్టాలు తీసేసి ఫిల్టర్‌ను నేరుగా బ్లాక్‌కే బిగిస్తే పోలా అనే వాదన కూడా ఉంది. టూ వీల్ డ్రైవ్ మోడల్‌లో అది అలాగే ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో మాత్రం ముందు షాఫ్ట్‌కు తగలకుండా జాగా ఉందో లేదో కొలిచాకే ఆలోచించాలి.

పని అయ్యాక కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ వేసి స్టార్ట్ చేయాలి. ప్రెషర్ గేజ్ కొన్ని సెకన్లలో లేవకపోతే వెంటనే ఆపేయాలి. ఖాళీ గొట్టాలు, ఫిల్టర్ కొంత ఆయిల్ తాగేస్తాయి కాబట్టి, కాసేపయ్యాక డిప్‌స్టిక్ చూసి తగ్గింది పోయాలి. తీసిన పాత ఆయిల్‌ను డ్రైనేజీలో పారబోయకూడదు, అమెరికాలో చాలా ఆటో పార్ట్స్ షాపులు దాన్ని ఉచితంగానే తీసుకుంటాయి. ఆ రాత్రి బండి కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి ఉంచితే, పని ఎలా కుదిరిందో పొద్దున్నే తెలిసిపోతుంది.