మీకు తెలుసా? ఒక వైరస్ జన్యువులో రెండుసార్లు పడిన 60 అక్షరాలు

ఆర్‌ఎస్‌వి అనే రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్ పేరు మన ఇళ్లలో పెద్దగా వినపడదు. కానీ రెండేళ్లు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారైనా సోకుతుంది. చాలామందికి మామూలు జలుబులా వచ్చి తగ్గిపోతుంది. కొందరు పసికందులు మాత్రం ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు వాచి, డొక్కలు ఎగరేస్తూ ఆయాసపడతారు. 2019లో ప్రపంచం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లలు లక్షమందికి పైగా దీనివల్ల చనిపోయారని అంచనా.

ఒకసారి వచ్చినవారికి ఇది మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది? కారణాల్లో ఒకటి దాని పైపొరమీద ఉండే జి ప్రోటీన్. శ్వాసనాళంలోని కణాలను వైరస్ పట్టుకునేది ముఖ్యంగా దీనితోనే. సుమారు 300 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ ఒంటినిండా చక్కెర అణువులు కప్పుకుని ఉంటుంది, అందువల్ల యాంటీబాడీలకు తేలిగ్గా చిక్కదు. పైగా సోకిన కణాలు ఇదే ప్రోటీన్‌ను విడిగా కూడా బయటికి వదులుతాయి. వైరస్‌ను పట్టాల్సిన యాంటీబాడీలు కొన్ని ఆ ఎరకు అతుక్కుని వృథా అయిపోతాయి.

వైరస్‌లోని ఇతర జన్యువులతో పోలిస్తే జి జన్యువు మారే తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆర్‌ఎస్‌విలో ఎ, బి అని రెండు శాఖలున్నాయి. కణంలోకి చొరబడడానికి కావలసిన ఎఫ్ ప్రోటీన్ ఈ రెండింటిలోనూ దాదాపు 90 శాతం ఒకటే. జి ప్రోటీన్‌లో ఆ పోలిక సగానికి కాస్త ఎక్కువ, అంతే. అయినా దాని నడిమధ్య 13 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి రెండు శాఖల్లోనూ చెక్కుచెదరలేదు. మార్పులన్నీ దానికి అటూ ఇటూ ఉన్న భాగాల్లోనే.

అసలు విశేషం 1999లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో సేకరించిన నమూనాల్లో దొరికింది. తాళపత్రం నకలు రాసే లేఖకుడు చూపు తప్పి ఒక పంక్తిని రెండుసార్లు రాసినట్టు, బి శాఖ వైరస్ తన జి జన్యువులో జన్యు సంకేతపు 60 అక్షరాలను పక్కపక్కనే రెండుసార్లు రాసుకుంది. దాంతో ప్రోటీన్ 20 అమైనో ఆమ్లాలు పొడవు పెరిగింది. ఇలాంటి పొరపాట్లు జరిగిన వైరస్‌లు మామూలుగా నిలవవు. ఇది నిలవడమే కాదు, కొన్నేళ్లలో ఖండాలు దాటి పాత బి రకాలను దాదాపుగా తుడిచిపెట్టింది. అదనంగా చేరిన ముక్క వల్ల కణాలకు అతుక్కునే శక్తి పెరిగిందని ప్రయోగశాలలో తేలింది.

తర్వాత 2010-11 శీతాకాలంలో కెనడాలోని ఒంటారియోలో ఎ శాఖ వైరస్‌లోనూ ఇదే కనిపించింది. ఈసారి రెట్టించినవి 72 అక్షరాలు. శాఖ వేరు, ఖండం వేరు, నడుమ పదేళ్లకు పైగా తేడా. అయినా అదే జన్యువు, దాదాపు అదే చోటు. ఒంటారియో రకం కూడా కొద్ది సంవత్సరాల్లోనే లోకమంతా పాకి, భారతదేశానికీ చేరింది. పరిణామం ఒకే దారిలో రెండుసార్లు నడవడాన్ని, అదీ మన కాలంలో, తేదీలతో సహా చూడగలగడం అరుదైన అవకాశమని నా నమ్మకం. ఆ అక్షరాల ముద్ర ఉంది కాబట్టే ఏ ఊళ్లో ఏ రకం తిరుగుతోందో పరిశోధకులు ఇట్టే గుర్తుపట్టగలుగుతున్నారు.

ఇంతగా మారేదాన్ని గురిచూడడం కష్టం. అందుకే 2023లో అమెరికాలో అనుమతి పొందిన తొలి ఆర్‌ఎస్‌వి టీకాలు జి జోలికి పోలేదు. అంతగా మారని ఎఫ్ ప్రోటీన్‌నే ఎంచుకున్నాయి. వాటిలో ఒకదాన్ని గర్భిణులకు ఇస్తారు. తల్లిలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి, పుట్టాక తొలి నెలల్లో కాపాడతాయి.

ఈ వైరస్‌తో చనిపోయే పిల్లల్లో నూటికి 95 మందికి పైగా పేద, మధ్యాదాయ దేశాలవారే. ఆ టీకా ముందుగా చేరాల్సింది అక్కడి తల్లులకే.