అంతర్విషయక పరిశోధనకు దరఖాస్తు: తెలుగు అభ్యర్థి గమనింపవలసినవి

ఒక్క శాస్త్రపు సాధనములతో తేలని ప్రశ్నను రెండు మూడు శాస్త్రముల సాధనములతో తేల్చుటకు చేయు పరిశోధనను అంతర్విషయక పరిశోధన అనవచ్చును. ఇంటర్‌డిసిప్లినరీ అను ఇంగ్లీషు మాట ఈ అర్థముననే వాడుకలో ఉన్నది. ఢిల్లీలో ఇట్టి డాక్టరేటు పరిశోధనకు దరఖాస్తు చేయగోరు తెలుగు విద్యార్థులు మొదట తేల్చుకొనవలసిన విషయమొకటి కలదు: ప్రణాళికలో తెలుగును ముందు నిలుపవలెనా, వెనుకకు త్రోయవలెనా? ఎంపిక మాత్రమే గాక, తరువాతి నాలుగైదేండ్ల కృషియు దీనిపై ఆధారపడియుండును. కావున దీనిని కొంత వివరముగా పరిశీలింతము.

ఢిల్లీ విశ్వవిద్యాలయమున 1961లో ఏర్పడిన ఆధునిక భారతీయ భాషల విభాగములో తెలుగు, తమిళము, బెంగాలీ మున్నగు భాషలు ఒక్కచోట చేరినవి. అచట ఒక భాషను మరియొక భాష ప్రక్కన ఉంచి చూచుట సహజము. ఆ విభాగమునకు వెలుపల తెలుగు అభ్యర్థికి గల ద్వారములు చరిత్ర, భాషాశాస్త్రము, సమాజశాస్త్రము మున్నగునవి. అట్టి చోట్ల ఎంపిక చేయువారిలో తెలుగు చదువగలవారు ఉందురను నమ్మకము లేదు. అందుచేత అభ్యర్థులు రెండు పొరపాట్లలో ఒకటి చేయుదురు. కొందరు తెలుగును దాచి, సిద్ధాంతగ్రంథముల పేర్లతో ప్రణాళికను నింపుదురు. మరికొందరు ‘తెలుగు సాహిత్యము – సమాజము’ అని రెండు మాటల నడుమ గీత గీసి, అదియే సమన్వయమని తలతురు. మొదటివారికి తమకు మాత్రమే గల బలము పోవును. రెండవవారికి ప్రశ్నయే ఏర్పడదు.

నిజమైన సమన్వయమునకు మన భాషలోనే నిదర్శనములు కలవు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయ పదములకు సంబంధించినది. 1971లో వెలువడిన రెండవ సంపుటము చేనేత పదములది. రెండింటికిని భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులు. నాగలి భాగములను, మగ్గపు పనిముట్లను ఏ ప్రాంతమువారు ఏ పేరుతో పిలుతురో తెలియుటకు పూర్వ నిఘంటువులు చాలవు. రైతును, నేతపనివారిని అడుగవలెను. వారు చెప్పిన మాటను సరిగా వ్రాసికొని, దాని రూపభేదములను వివరించుటకు భాషాశాస్త్రము కావలెను. ఆ మాట దేనికి పేరో గ్రహించుటకు వృత్తిజ్ఞానము కావలెను. వీనిలో ఏ ఒక్కటి తీసివేసినను కోశము నిలువదు. అభ్యర్థి తన ప్రణాళికను ఈ విధముగనే పరీక్షించుకొనవలెను. రెండవ శాస్త్రమును తొలగించి చూచినప్పుడు ప్రశ్న చెక్కుచెదరక నిలిచినచో, ఆ శాస్త్రము అలంకారముగా చేర్చబడినదే యగును.

రెండవ నిదర్శనము వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి వ్రాయగా 2001లో ఢిల్లీనుండి వెలువడిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ అను గ్రంథము. 1757 నాటి బొబ్బిలి యుద్ధమును గూర్చిన కథనములు అందు పరిశీలింపబడినవి. ఒక కథనము చరిత్రగా చదువదగినదా కాదా అను సంగతిని దాని రచనారీతియే నాటి పాఠకులకు సూచించెడిదని వారి వాదము. రచనారీతిని గుర్తించుటకు సాహిత్యజ్ఞానమును, సంఘటనను ఇతరాధారములతో సరిచూచుటకు చరిత్రజ్ఞానమును ఇచట సమానముగా అవసరము. అయితే ఆ గ్రంథకర్తలు ముగ్గురు. డాక్టరేటు అభ్యర్థి ఒక్కరే. ఈ లోటును పూరించుకొను మార్గమును దరఖాస్తులోనే చూపవలెను.

ఇందుకు నిబంధనలలో అవకాశము కలదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నవంబరులో ప్రకటించిన పిహెచ్.డి. నిబంధనల ప్రకారము, అధికారుల ఆమోదముతో, వేరు విభాగమునుండి గాని వేరు సంస్థనుండి గాని సహపర్యవేక్షకుని నియమింపవచ్చును. ఒక్కొక్క పర్యవేక్షకుని వద్ద ఉండదగిన పరిశోధకుల సంఖ్యకు పరిమితి కలదు: ప్రొఫెసరునకు 8, అసోసియేట్ ప్రొఫెసరునకు 6, అసిస్టెంట్ ప్రొఫెసరునకు 4. కాబట్టి తగిన అధ్యాపకుల వద్ద ఖాళీ ఉన్నదో లేదో ముందుగా విచారించుట మేలు. కోర్సువర్కునకు కనీసము 12 క్రెడిట్లు విధింపబడినవి. తనకు కొరతగా ఉన్న శాస్త్రమును నేర్చుకొనుటకు దీనినే వినియోగించుకొందునని అభ్యర్థి ప్రణాళికలో వ్రాయవచ్చును.

2024 జూన్ నాటి నెట్ పరీక్షనుండి ఆ ఫలితము పిహెచ్.డి. ప్రవేశమునకును ఉపయోగపడుచున్నది. ఫెలోషిప్పు అర్హత లేక ప్రవేశార్హత పొందినవారి విషయమున నెట్ మార్కులకు 70, ఇంటర్వ్యూకు 30 పాళ్ళు విలువ నిర్ణయింపబడినది. నెట్‌లో తెలుగు 27వ విషయము, భాషాశాస్త్రము 31వది, తౌలనిక సాహిత్యము 72వది. తెలుగు పత్రమునకు తెలుగులో సమాధానము గుర్తింపవచ్చును గాని, తక్కిన రెండింటిని ఇంగ్లీషులోనో హిందీలోనో వ్రాయవలెను. ఏ విభాగము ఏ విషయపు నెట్‌ను అంగీకరించునో ఆయా ప్రకటనలో చూచుకొన్న తరువాతనే పరీక్షాపత్రమును ఎన్నుకొనవలెను.

ఇక ప్రశ్నను రూపొందించు విధమునకు ఒక ఉదాహరణము. ‘తెలుగు సాహిత్యములో రైతు’ అనునది విశాలమైన శీర్షిక. అది ప్రశ్న కాదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట వలన డెల్టాలో కాలువలు విస్తరించినవి. ఆ ప్రాంతపు సేద్యభాషలో బోదె, తూము అను తెలుగు మాటలు కలవు. లాకు అను ఇంగ్లీషు మాటయు, పారసీక మూలముగల లస్కరు అను మాటయు కలవు. రైతు చేతిలోని నీటికి తెలుగు పేర్లు మిగిలి, ప్రభుత్వము చేతిలోని నీటికి అన్యభాషా పదములు చేరినవా? ఇది ఊహ మాత్రమే. ఆధారములు దీనిని కాదనవచ్చును. కాని భాషాశాస్త్రము, పరిపాలన చరిత్ర, గ్రామములలో సేకరణ అను మూడును లేనిదే ఔననుటకు గాని కాదనుటకు గాని వీలులేదు.

2016 నాటి నిబంధనలు ఇంటర్వ్యూలో మూడు సంగతులు చూడవలెనని పేర్కొన్నవి: అభ్యర్థికి సామర్థ్యము కలదా, ఆ సంస్థలో ఆ పని సాగునా, దానివలన క్రొత్త జ్ఞానము చేకూరునా? 2022లో నిబంధనలు మారినను, ప్రణాళికను సరిచూచుకొనుటకు ఈ మూడు ప్రశ్నలు నేటికిని తగినవే. పై ఉదాహరణమునందు సామర్థ్యము తెలుగే. రెండవ ప్రశ్నకు సమాధానము సులభము కాదు: జాతీయ అభిలేఖాలయము ఢిల్లీలో ఉన్నను, మద్రాసు రాజధాని పత్రములకై చెన్నైకిని, మాటలకై గోదావరి గ్రామములకును పోవలెను. ఏ నెలలలో ఎచట పని చేయుదురో, ప్రయాణవ్యయమెట్లు సమకూరునో చెప్పని ప్రణాళికను ఎవరును విశ్వసింపరు.

కాబట్టి తెలుగును దాచవలసిన పని లేదు. అభిమానముతో కొనియాడవలసిన పనియు లేదు. అది ప్రశ్నకు ఆధారమగు చోటును చూపిన చాలును. ప్రధానమైన రెండు మూడు మూలవాక్యములను అనువాదముతో సహా ప్రణాళికకు జతపరచినచో, తెలుగు రాని పరీక్షకుడు సైతము వాదమును తూచగలడు. సిద్ధాంతవ్యాసమును తుదకు కనీసము ఇద్దరు బయటి పరీక్షకులు చదువవలసి యుండును. వారిలో ఒకరు తెలుగును, మరియొకరు రెండవ శాస్త్రమును ఎరిగినవారై యుండుట అవసరమని పర్యవేక్షకునితో మొదటి సంవత్సరముననే ముచ్చటించుట మంచిది.