తాళపుచెవుల జాబితా

బ్యాంకులో గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చుండి మన ఖాతా సంఖ్యను కొట్టగానే నిల్వ యెంతయో తెరపై ప్రత్యక్షమగుచున్నది. ఆ నిల్వను చూడగలవారెవరు, దిద్దగలవారెవరు, తుడిచివేయగలవారెవరు అని విచారించినచో, కాగితము మీది ఉత్తరువు లేమి చెప్పినను తుదిమాట తెర వెనుకనున్న డేటాబేసుదే. అది ఎవరికి తలుపు తీయునో వారికే ప్రవేశము. కావున అధికార మెవరి చేత నున్నదో తెలియగోరువారు ముందుగా డేటాబేసునే అడుగవలెను.

అట్లు అడుగ వీలుండుటయే గొప్ప సంగతి. 1970లో ఐ.బి.ఎమ్. వారి శాన్ హోసే పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ సమాచారమంతటిని పట్టికలుగా అమర్చు పద్ధతిని ప్రతిపాదింపగా, 1974లో అదే సంస్థకు చెందిన చేంబర్లిన్, బాయిస్ అను నిరువురు ఆ పట్టికలను ప్రశ్నించు భాష నొకదానిని వెలువరించిరి. నేటి ఎస్‌క్యూఎల్ దాని సంతతియే. పిదప 1985లో కాడ్ చెప్పిన నియమములలో నొకటి నాకు మిక్కిలి రమణీయముగ తోచును. డేటాబేసు తన్ను గూర్చిన వివరములను సైతము పట్టికలుగానే చూపవలెను. ఖాతాదారుల నిల్వలను అడుగు భాషతోనే ఆ వివరములను కూడ అడుగగలిగి యుండవలెను. ఇంటి గుట్టును ఇల్లే విప్పి చెప్పునన్నమాట!

వందలకొలది ఉద్యోగులున్న చోట అనుమతులను మనిషి మనిషికి విడివిడిగా పంచుట దుర్భరము గనుక, వానిని ఒక పేరు క్రింద మూటగట్టి వలసినవారి కప్పగింతురు. ఆ మూటనే రోల్ అందురు. 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణమున దీనికి స్థానము లభించినది. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసులో 2005 నాటి 8.1 వెర్షన్ మొదలు వ్యక్తియు రోలే, సమూహమును రోలే. లాగిన్ కాగలుగుటయే రెంటికిని భేదము.

అందులో ‘సెలెక్ట్ రోల్‌నేమ్, రోల్‌కెన్‌లాగిన్, రోల్‌సూపర్ ఫ్రమ్ పీజీ_రోల్స్’ అని అడిగినచో రోల్‌కొక వరుస చొప్పున జాబితా దిగివచ్చును. పేరు ప్రక్కన ‘టి’ యున్న అవుననియు, ‘ఎఫ్’ యున్న కాదనియు అర్థము. రోల్‌సూపర్ క్రింద ‘టి’ కనబడిన వరుసయొద్ద చూపు నిలుపవలెను. ఆ పేరుతో లోపలికి వచ్చినవారికి అనుమతుల తనిఖీయే వర్తింపదు. పాస్‌వర్డ్ కాలమ్‌ను కోరినచో మాత్రము ప్రతి వరుసలోను ఎనిమిది నక్షత్రములే కనబడును.

అయితే పేర్ల జాబితా చేతికి రాగానే పని ముగిసినదనుకొనుట పొరపాటు. ‘చెల్లింపులు’ అను రోల్‌ను ‘లెక్కలు’ అను రోల్‌కును, ‘లెక్కలు’ను ‘గుమాస్తా’కును ఇచ్చితి మనుకొందము. సభ్యత్వములను దాచు ‘పీజీ_ఆథ్_మెంబర్స్’ పట్టికలో రెండు వరుసలు మాత్రమే యుండును. గుమాస్తాను చెల్లింపులతో నేరుగా ముడివేయు వరుస యెచ్చటను కానరాదు. అయినను వారసత్వమును అడ్డగింపనంతవరకు ఆ గుమాస్తా చెల్లింపులు చేయగలడు. చూచినవానికి కనబడక, చేయువానికి చేతనుండు ఈ అధికారమే నన్ను కలవరపెట్టును. తీగ లాగిన డొంకంతయు కదలునట్లు, ఒక సభ్యత్వమునుండి దాని పై సభ్యత్వమునకు తుదిదాక ప్రాకిపోవుటకు ‘విత్ రికర్సివ్’ అను ప్రయోగమున్నది. ఒక్క పేరును గూర్చియే సందేహమైనచో అంత శ్రమ యక్కరలేదు. ‘సెలెక్ట్ పీజీ_హ్యాజ్_రోల్’ అని వ్రాసి, కుండలీకరణములలో గుమాస్తా, చెల్లింపులు, మెంబర్ అను మూడు మాటలను కోట్‌ల నడుమ నుంచినచో జవాబు ఒక్క అక్షరమున వచ్చును: ‘టి’.

ఆ గుమాస్తా ఆర్నెల్ల క్రిందటనే వేరొక శాఖకు బదిలీయై యుండవచ్చును. వరుస మాత్రము కదలదు. అప్పుడు ‘రివోక్ లెక్కలు ఫ్రమ్ గుమాస్తా’ అని ఆజ్ఞాపించి, మరల ఆ ప్రశ్ననే అడుగవలెను. ఈమారు వచ్చునది ‘ఎఫ్’.